పన్నెండేళ్ళు తెరిచే ఉన్న కంత

 

పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టినాడు, గుర్తుందా? వాళ్ళ కాలేజీ ల్యాబ్‌లో పాత ఉబుంటు సిస్టమ్‌లు ఉన్నాయంట. ఏదో వీడియో చూసి చిన్న ప్రోగ్రాం ఒకటి దించుకొని నడిపితే, పాస్‌వర్డ్ అడక్కుండానే రూట్ అయిపోయినాడంట. "అన్నా, సార్‌కి చెప్పాలనుంది. చెప్తే నన్నే దొంగ అంటారేమో" అన్నాడు. కింద నవ్వే బొమ్మలు పెట్టినోళ్ళు కొందరు, "ఆ ఫైల్ నాకూ పంపు బ్రో" అన్నోళ్ళు ఇద్దరు. అడిగినదానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ జవాబు రెండు ముక్కల్లో అయ్యేది కాదు. దాని వెనక పెద్ద చరిత్ర ఉంది, అందుకే ఇంత పొడుగు పోస్టు. అగళి బస్టాండులో సిరా బస్సు కోసం కూర్చున్నప్పుడు చదువుకోండి, సరిపోతుంది.

ఆ తమ్ముడు నడిపిన ప్రోగ్రాం వాడుకున్న లోపం పేరు పొన్‌కిట్. అధికారిక నంబరు సి.వి.ఇ.-2021-4034. మామూలు యూజర్‌గా లోపలికి వచ్చినవాడు సిస్టమ్ మొత్తానికి యజమాని అయిపోయే రకం లోపం. ఇంగ్లీషులో దీన్ని ప్రివిలేజ్ ఎస్కలేషన్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే, తాసిల్దారు ఆఫీసులో అర్జీ ఇవ్వడానికి పోయినోడు తాసిల్దారు కుర్చీలో కూర్చోవడం. రూట్ అయినవాడు అందరి ఫైళ్ళూ చూడగలడు, ఎవరి పాస్‌వర్డ్ అయినా మార్చగలడు, చేసిన పని ఆనవాళ్ళు తుడిచేయగలడు. ఒకే సిస్టమ్‌ని యాభైమంది పిల్లలు వాడే చోట ఇది చిన్న విషయం కాదు. స్కాలర్‌షిప్ అప్లికేషను, ఆధార్ స్కాన్, బ్యాంకు పాస్‌బుక్ ఫోటో, అన్నీ మనవాళ్ళు ఆ సిస్టమ్‌లలోనే పెట్టి మర్చిపోతారు కదా.

కథ నిజానికి 1970ల్లో, అమెరికాలో బెల్ ల్యాబ్స్ దగ్గర మొదలైంది. యునిక్స్ తయారు చేసినవాళ్ళకు ఒక చిక్కు వచ్చింది. పాస్‌వర్డ్‌లు ఉండే ఫైలు రూట్ సొంతం, ఇంకెవరూ అందులో రాయకూడదు. మరి మామూలు యూజర్ తన పాస్‌వర్డ్ తాను మార్చుకునేది ఎట్ల? డెన్నిస్ రిచీ దీనికి ఒక ఉపాయం కనిపెట్టినాడు. కొన్ని ప్రోగ్రాంల మీద ఒక గుర్తు పెడతారు, దాని పేరు సెట్‌యుఐడి. ఆ గుర్తున్న ప్రోగ్రాంని ఎవరు నడిపినా, అది నడిపినవాడి అధికారంతో కాక దాని యజమాని అధికారంతో నడుస్తుంది. తాసిల్దారు తన సీలు గుమస్తా చేతికిచ్చి "ఈ ఒక్క పనికే వాడు" అన్నట్టు. దీనికి 1973లో పేటెంటుకు దరఖాస్తు పెడితే 1979 జనవరిలో వచ్చింది. సాఫ్ట్‌వేర్ పేటెంట్లలో బాగా పాతవాటిలో అదొకటి. ఉపాయం గొప్పదే. కానీ సీలు పట్టుకున్న గుమస్తా తెలివి తక్కువోడైతే ఏం గతి అన్న ప్రశ్న కూడా ఆ రోజే పుట్టింది. ఆ ప్రశ్న ఇప్పటికీ పోలేదు.

2000 దాటినాక లినక్స్ సర్వర్ గదుల్లోంచి మామూలు మనుషుల బల్లల మీదికి వచ్చింది. మన దగ్గర కూడా ఆ గాలి వీచింది. 2005లో హైదరాబాద్‌లో మొదలైన స్వేచ్ఛ సంస్థ వాళ్ళు తెలుగులో డెస్క్‌టాప్ కోసం పనిచేసినారు. 2007లో సి-డాక్ వాళ్ళు డెబియన్ మీద బాస్ లినక్స్ కట్టి మన దేశ భాషలతో విడుదల చేసినారు. డెస్క్‌టాప్ వాడే మనిషికి పెన్‌డ్రైవ్ తగిలించాలన్నా, టైం మార్చాలన్నా, ప్రింటర్ పెట్టాలన్నా రూట్ అధికారం కావాలంటే కుదరదు కదా. ఒక్కో చిన్న పనికి ఒక్కో చిన్న అనుమతి కావాలి. దానికోసం రెడ్ హ్యాట్ కంపెనీలో డేవిడ్ జూతెన్ పాలసీకిట్ అనేది రాసినాడు, తర్వాత దాని పేరు పోల్‌కిట్ అయింది. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర మధ్యలో పాస్‌వర్డ్ అడిగే చిన్న కిటికీ చూసి ఉంటారు, దాని వెనక ఉండేది ఇదే. 2009 మే నెలలో ఈ పోల్‌కిట్‌కి పి.కె.ఎగ్జెక్ అనే చిన్న ప్రోగ్రాం చేర్చినారు. ఒక కమాండుని రూట్ అధికారంతో నడిపేందుకు. దానిమీద సెట్‌యుఐడి గుర్తు ఉంటుంది, అంటే సీలు దాని చేతిలో ఉంది.

కంత మొదటి రోజు నుంచే అందులో ఉంది. ఎట్లాంటి కంత అనేది ఓపిగ్గా చదవండి, ఇదే అసలు సంగతి.

ఏ ప్రోగ్రాం మొదలైనా కెర్నల్ దానికి రెండు జాబితాలు ఇస్తుంది. ఒకటి మాటల జాబితా. అందులో సున్నా గడిలో ప్రోగ్రాం పేరు, ఒకటో గడి నుంచి మనం టైప్ చేసిన మాటలు. రెండోది పరిసరాల జాబితా, అంటే ఏ భాష, ఏ ఫోల్డర్‌లలో వెతకాలి లాంటి సెట్టింగులు. మెమరీలో ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఇప్పుడు మీసేవలో కుల ధ్రువీకరణకు అర్జీ పెట్టే సీను ఊహించుకోండి. ఫారంలో మొదటి గడిలో పేరు ఎప్పుడూ ఉంటుంది, అందుకని గుమస్తా అలవాటుగా రెండో గడి నుంచే చదువుతాడు. ఒకడొచ్చి ఒక్క గడి కూడా లేని ఫారం ఇచ్చినాడు. మొదటి గడి ఉండాల్సిన చోట "ఇంతటితో సమాప్తం" అనే గీత మాత్రమే ఉంది. గుమస్తా ఆ గీత చూడకుండా రెండో గడి అనుకొని వేలు పెట్టినాడు. ఆ వేలు ఫారం దాటి, వెనక జత చేసిన కాగితం మీద పడింది. దాన్నే ఫారం అనుకొని చదివినాడు. చదివి ఊరుకున్నా పెద్ద నష్టం లేకపోయేది. అందులో పేరు సగమే ఉందని, రిజిస్టరు తిరగేసి పూర్తి పేరు వెతికి, తన పెన్నుతో ఆ జత కాగితం మీదనే రాసిపెట్టినాడు.

పి.కె.ఎగ్జెక్ చేసింది అక్షరాలా ఇదే. మాటల జాబితా ఖాళీగా ఇస్తే, అది ఒకటో గడి అనుకొని పరిసరాల జాబితాలో మొదటిదాన్ని చదివింది. అది ఒక ప్రోగ్రాం పేరు అనుకొని పూర్తి దారి వెతికి, దొరికింది తిరిగి అక్కడే రాసింది.

అయితే ఏమి అంటారా? గేటు దగ్గర ఒక తనిఖీ ఉంది. సెట్‌యుఐడి ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు పరిసరాల జాబితాలో ప్రమాదకరమైన సెట్టింగులు ఏమన్నా ఉంటే సిస్టమ్ ముందే పీకేస్తుంది. ఇక్కడ గుమస్తా గేటు లోపల కూర్చొని తన చేత్తోనే ప్రమాదకరమైన సెట్టింగు రాసినాడు. తనిఖీ అప్పటికే అయిపోయింది.

రాయించిన ఆ సెట్టింగు ఏంటో తెలిస్తే మనలాంటోళ్ళకు ఇంకొంచెం ఆసక్తిగా ఉంటుంది. దాని పేరు జికాన్వ్ పాత్. అక్షరాలను ఒక కోడ్ నుంచి ఇంకో కోడ్‌కి మార్చే చిన్న చిన్న లైబ్రరీలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో చెప్పే సెట్టింగు అది. ఇంగ్లీషు ఒక్కటే ఉన్న లోకంలో దాని అవసరమే లేదు. ఒక్కో లిపికి రెండు మూడు కోడ్‌లు ఉన్న రోజుల్లో, ప్రోగ్రాం ఇచ్చే మెసేజి ఆ మనిషి తెర మీద సరిగా కనపడాలని పెట్టిన ఏర్పాటు. తమిళం పాత కోడ్‌కి కూడా అందులో ఒక లైబ్రరీ ఉంది. పి.కె.ఎగ్జెక్‌కి కావాలనే తప్పు సెట్టింగు ఇస్తే అది ఒక హెచ్చరిక మెసేజి ముద్రించబోతుంది. యూజర్ వేరే అక్షర కోడ్ కోరినట్టు పెట్టి ఉంటే, ఆ మెసేజిని మార్చడానికి లైబ్రరీ వెతుక్కుంటూ జికాన్వ్ పాత్ చూపిన ఫోల్డర్‌కి పోతుంది. అక్కడ దాడి చేసేవాడు పెట్టిన సొంత ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని రూట్ అధికారంతో నడిపేస్తుంది. అంతే, కుర్చీ ఎక్కేసినట్టే.

మన గోర్ బోలికి సొంత లిపి లేదు. ఇక్కడ మనం తెలుగులో రాసుకుంటాం, సిరా వైపు మన చుట్టాలు కన్నడలో రాసుకుంటారు. అట్లాంటి లిపుల కోసం కట్టిన వంతెన మీదుగానే దొంగ లోపలికొచ్చినాడని చదివినప్పుడు నాకు కొంచెం బాధనిపించింది. తప్పు వంతెనది కాదులెండి, గుమస్తాది.

ఇంక ఈ కంతని ఎవరూ చూడలేదా అంటే, చూసినారు. ఒకసారి కాదు.

2008లో మైఖేల్ కెరిస్క్ అనే ఆయన, లినక్స్ మాన్యువల్ పేజీలు చూసుకునే మనిషి, ఖాళీ మాటల జాబితాతో ప్రోగ్రాంని మొదలుపెట్టనివ్వడమే తప్పు అని లినక్స్ కెర్నల్ వాళ్ళ ముందు పెట్టినాడు. పి.కె.ఎగ్జెక్ అప్పటికి పుట్టనే లేదు. అందరూ ఒప్పుకోలేదు, సంగతి అట్లే ఆగిపోయింది. ఓపెన్‌బిఎస్‌డి అనే ఇంకో సిస్టమ్‌లో కెర్నలే అట్లాంటి ఖాళీ ఫారం తీసుకోదు, అందుకే ఈ దాడి అక్కడ పారలేదు. 2013లో రయన్ మాలన్ అనే ప్రోగ్రామర్ నేరుగా పి.కె.ఎగ్జెక్‌లోనే ఈ తప్పు పట్టుకొని తన బ్లాగులో రాసినాడు. కానీ దాన్ని వాడి రూట్ అయ్యే దారి ఆయనకు దొరకలేదు. అట్ల ఇంకో ఎనిమిదేళ్ళు గడిచిపోయినాయి. "దీంతో ఎవరూ ఏమీ చేయలేరులే" అనే మాట మీద ఎన్ని కంతలు ఎన్నేళ్ళు తెరిచి ఉంటాయో ఈ ఒక్క కథ చాలు చూపించడానికి.

చివరికి క్వాలిస్ అనే కంపెనీ పరిశోధకులు పట్టుకున్నారు. పట్టుకున్నాక వాళ్ళు ఏం చేసినారో తారీఖులతో సహా చెప్తా, తమ్ముడి ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. 2021 నవంబర్ 18న రెడ్ హ్యాట్ భద్రతా విభాగానికి చెప్పినారు. బయట ఎవరికీ చెప్పలేదు. 2022 జనవరి 11న మిగతా లినక్స్ పంపిణీదారులకు రహస్యంగా వివరాలు, అతుకు రెండూ పంపినారు. అందరూ కలిసి ఒక తారీఖు అనుకున్నారు. జనవరి 25న ఉబుంటు, డెబియన్, రెడ్ హ్యాట్ లాంటివాళ్ళ అప్‌డేట్లు, క్వాలిస్ ప్రకటన కలిపి బయటికొచ్చినాయి. క్వాలిస్ వాళ్ళు దాడి చేసే ప్రోగ్రాం మాత్రం ప్రచురించలేదు. ఐనా అంత తేలిక కంత కాబట్టి అదే రోజు కొన్ని గంటల్లోనే వేరేవాళ్ళు రాసి ఇంటర్నెట్‌లో పెట్టేసినారు. మన తమ్ముడికి దొరికింది దాని మనవడో మునిమనవడో అయ్యుంటుంది. అదే ఏడాది జూన్‌లో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ, నిజంగా దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాలో దీన్ని చేర్చింది.

ఆ జనవరిలో మన అగళి ఇంకా అనంతపురం జిల్లాలోనే ఉంది. శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది ఆ ఏప్రిల్ 4న. జిల్లా మారి బోర్డులన్నీ కొత్త రంగు వేసుకున్నాయి కానీ, ఆ తమ్ముడి ల్యాబ్‌లో అతుకు మాత్రం ఇంతవరకు పడలేదు.

అతుకు ఎంత పెద్దది అనుకుంటున్నారు? కొన్ని వరుసలు. మాటల జాబితాలో ఒకటి కంటే తక్కువ ఉంటే వెంటనే ఆగిపో, అంతే. దాని పైన రాసిన వ్యాఖ్య భావం ఏంటంటే, ఇంత తప్పుగా పిలిచినోడు చెడ్డ ఉద్దేశంతోనే వచ్చి ఉంటాడు, మర్యాద అక్కర్లేదు, బయటికి నడువు అని. ఇంకోచోట, జాబితా ముగిసిన గీత మీద రాయకుండా కూడా కట్టడి చేసినారు. అతుకు వేసుకోలేనోళ్ళకు తాత్కాలిక చిట్కా కూడా చెప్పినారు, ఆ ఫైలు మీద సెట్‌యుఐడి గుర్తు తీసేయమని. గుమస్తా చేతిలోంచి సీలు లాక్కున్నట్టు. 2008లో కెరిస్క్ అడిగిన పని కూడా చివరికి అయింది. పొన్‌కిట్ బయటపడిన మర్నాడే ఏరియాడ్నీ కోనిల్ అనే డెవలపర్ కెర్నల్‌కి ప్యాచ్ పంపుతూ, ఇది 2008లోనే చర్చకొచ్చిందని గుర్తు చేసినారు. చర్చల్లో రూపం మారి, ఆ ఏడాది మేలో వచ్చిన 5.18 కెర్నల్ నుంచి ఖాళీ జాబితా వస్తే కెర్నలే అందులో ఒక ఖాళీ మాట పెట్టి పంపుతుంది. పద్నాలుగేళ్ళు పట్టింది.

పొన్‌కిట్ ఒక్కటే అయితే ఏదో పొరపాటు అనుకోవచ్చు. దానికి ముందు వచ్చిన రెండు కథలు కూడా ఇదే ఇంటివి. రెండూ పట్టుకున్నది గిట్‌హబ్ సెక్యూరిటీ ల్యాబ్‌లో కెవిన్ బ్యాక్‌హౌస్.

మొదటిది 2020 నవంబర్‌లో బయటపడింది, ఉబుంటు 20.04 డెస్క్‌టాప్‌లో. దీంట్లో ప్రోగ్రాం రాయాల్సిన పని కూడా లేదు, చెప్తే నమ్మరు. యూజర్ల వివరాలు చూసుకునే అకౌంట్స్ డెమన్ అని ఒకటి వెనక నడుస్తా ఉంటుంది. అది మన హోం ఫోల్డర్‌లో ఒక సెట్టింగుల ఫైలు చదువుతుంది. ఆ ఫైలు పేరుతో ఒక లింకు పెట్టి, ఎంత చదివినా అయిపోని ఒక సిస్టమ్ ఫైలుకి చూపించి, సెట్టింగుల్లోకి పోయి భాష మార్చితే చాలు. పాపం అది చదువుతానే ఉంటుంది. ఆ చదివేటప్పుడు అది తన అధికారం దించుకొని మన అధికారంతో ఉంటుంది కాబట్టి, మనం దాన్ని ఆపగలం, కూలగొట్టగలం. కొన్ని సెకన్ల తర్వాత కూలిపోయేటట్టు పెట్టి లాగవుట్ అయిపోవడమే. లాగిన్ తెర చూసుకునే జి.డి.ఎం. వచ్చి "ఈ సిస్టమ్‌లో యూజర్లు ఎంతమంది?" అని అకౌంట్స్ డెమన్‌ని అడుగుతుంది. అది చచ్చి పడుంది, జవాబు లేదు. జవాబు లేదంటే యూజర్లే లేరు, అంటే కొత్త సిస్టమ్, ఇప్పుడే పెట్టె విప్పినారు అనుకొని జి.డి.ఎం. స్వాగతం చెప్తుంది. మొదటి యూజర్‌ని సృష్టించమంటుంది. మొదటి యూజర్ అంటే అడ్మినే కదా! ఆ డెమన్‌లోని లోపాలు ఉబుంటు వాళ్ళు సొంతంగా చేర్చిన కోడ్‌వి. ఉబుంటు వాళ్ళు త్వరగానే అతుకులు వేసినారు, వేసినాకే ఆయన కథ రాసినాడు.

రెండోది 2021 జూన్. ఈసారి పోల్‌కిట్‌లోనే, ఏడేళ్ళ పాత లోపం. కొత్త అడ్మిన్ యూజర్ కావాలని ఒక అర్జీ పంపి, అది నడుస్తుండగానే అర్జీ పంపిన ప్రోగ్రాంని సరైన క్షణంలో చంపేయాలి. పోల్‌కిట్ "అర్జీదారుడు ఎవరు?" అని విచారిస్తే, ఆ మనిషి లేడు అని జవాబొస్తుంది. ఆ తప్పిన జవాబుని సరిగా చూసుకోక, అర్జీదారుడు రూటే అన్నట్టు లెక్కేసి పని చేసిపెడుతుంది.

మూడూ పక్కన పెట్టి చూడండి. ఒకచోట జవాబు రాలేదు, యూజర్లు లేరనుకున్నారు. ఒకచోట మనిషి లేడు, యజమాని అనుకున్నారు. ఇంకోచోట మాటే లేదు, పక్క కాగితాన్ని మాట అనుకున్నారు. ఎదుటివాడు ఏమీ అనకపోతే ఏమనుకోవాలో ఆ రాసినవాళ్ళు ఆలోచించలేదు. నోరు విప్పనోడు ఒప్పుకున్నట్టే అని రాసుకునే తీర్మానాలు మన తండాల వాళ్ళకు కొత్త కాదు. అందుకేనేమో ఈ మూడు కథలూ నాకు చప్పున అర్థమైనాయి.

ఇప్పుడు తమ్ముడి భయం సంగతి. దొంగ అంటారేమో అన్నాడు. ఈ మాట మన నోట ఊరికే రాదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం, దాని తర్వాతి రూపాలు ఎరుకల వాళ్ళలాంటి ఎన్నో జాతులను పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టినాయి. 1952లో రద్దయింది కానీ ఆ చూపు పూర్తిగా పోలేదని ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఊర్లో ఏదన్నా పోతే ముందు ఎవరి వైపు చూస్తారో మనకు తెలుసు. కాబట్టి నీ భయం తప్పు కాదు తమ్ముడూ. కానీ చట్టం ఏం చెప్తుందో కూడా తెలుసుకో. 2000 నాటి ఐటీ చట్టంలో 43, 66 సెక్షన్లు ఉన్నాయి. యజమాని అనుమతి లేకుండా సిస్టమ్‌లోకి చొరబడితే, దురుద్దేశం ఉందని తేలితే మూడేళ్ళ దాకా జైలు, లేదంటే 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. "ఆ ఫైల్ నాకూ పంపు బ్రో" అన్న ఇద్దరూ ఈ పేరా ఇంకోసారి చదవండి. నేర్చుకోవాలంటే మీ సొంత ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ పెట్టుకొని, పాత ఉబుంటు వేసుకొని చేసుకోండి, ఎవరూ వద్దనరు. నేనూ అట్లే నేర్చుకున్నా.

చెప్పే పద్ధతి క్వాలిస్ వాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు. ఆ ప్రోగ్రాం మళ్ళీ నడపొద్దు, రూట్‌గా పోయి ఎవరి ఫైలూ తెరవొద్దు, ఎవరికీ పంపొద్దు. ల్యాబ్ సార్‌కి నోటితో కాకుండా రాసి ఇవ్వు, మీకు నమ్మకమున్న ఒక లెక్చరర్‌కి కూడా కాపీ పెట్టు. "నేను హ్యాక్ చేసినా" అని మొదలుపెట్టొద్దు, కానీ అబద్ధం కూడా రాయొద్దు. ఫలానా తారీఖున వీడియో చూసి ప్రయత్నించినాను, ఫలానా సిస్టమ్‌లో పనిచేసింది, ఏ ఫైలూ తెరవలేదు, ఏమీ మార్చలేదు అని రాయి. లోపం నంబరు రాయి. పాలసీకిట్ ప్యాకేజీ వెర్షన్ ఎంతుందో రాయి. ఉబుంటు 20.04 అయితే 0.105-26ఉబుంటు1.2, 18.04 అయితే 0.105-20ఉబుంటు0.18.04.6 నుంచి అతుకు పడినట్టు. దానికంటే తక్కువ ఉంటే పడనట్టు. ఇంటర్నెట్ పెట్టి అప్‌డేట్ చేస్తే పని అయిపోతుందని కూడా రాయి. లోపం ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఫిర్యాదులా ఉంటుంది, అతుకు కూడా చేతిలో పెడితే వాళ్ళకూ నామోషీ ఉండదు. ఇంకోటి, ఆ రెండు వెర్షన్ల మామూలు మద్దతు కాలం కూడా అయిపోయింది. కొత్త వెర్షన్‌కి మారమని ఒక వాక్యం చేర్చు. మీ ఇంట్లో పాత సిస్టమ్‌లు ఉంటే ఉబుంటు ప్రో సొంత వాడకానికి 5 సిస్టమ్‌ల దాకా ఉచితం, పాత వెర్షన్‌లకు కూడా అతుకులు వస్తా ఉంటాయి.

లెటర్ తెలుగులో రాయాలా ఇంగ్లీషులో రాయాలా అని ఆగిపోవద్దు. రెండింటిలోనూ రాసిపెట్టినా, పంపిస్తా. సార్ ఏమన్నాడో మాత్రం గ్రూపులో చెప్పు.